సగంలో ఆగిన స్వెటర్లు: ఎక్కడ ఆగాయి, ఎలా పూర్తి చేయాలి

అటక మీది సంచిలో నావి ఏడు ఉండేవి. ఒక చెయ్యి మాత్రమే ఉన్న కార్డిగన్, వీపు భాగంతో ఆగిపోయిన స్వెటర్, ఎవరి కోసం మొదలుపెట్టానో గుర్తులేని మఫ్లర్, ఇంకా అలాంటివే. బద్ధకం వల్లే అవి అలా పడి ఉన్నాయని చాలా ఏళ్లు నమ్మాను. కిందటి చలికాలం ఒక్కొక్కటీ మంచం మీద పరిచి చూస్తే సంగతి వేరని తెలిసింది. ఒకదానిలో కుట్ల లెక్క తప్పింది, ఒకదానికి ఊలు చాలలేదు, ఇంకొకటి పూర్తయ్యేలోగా పాప పెరిగిపోయింది. ఆ ఒక్క చిక్కు దొరికితే మిగిలింది రెండు మూడు వారాల పని. అందుకే ముందు కంటికి కనిపించే లక్షణం, ఆపైన దాని కారణం, ఆ తర్వాత మరమ్మతు చెబుతాను. ఇదంతా రెండు సూదుల ఊలు అల్లిక గురించే. నరసాపురం వైపు ఒకే కొక్కెం సూదితో అల్లే లేసు దారి వేరు. అయితే ఆ క్రోషియా సూది మాత్రం మన పెట్టెలోనూ ఒకటి ఉండాలి.

సమస్య: సంచిలోంచి తీశాక ఎక్కడ ఆపామో తెలియడం లేదు

రాసి పెట్టుకోకపోవడమే కారణం. అల్లుతున్నప్పుడు అంతా గుర్తుంటుందనే అనిపిస్తుంది, ఆరు నెలలయ్యాక సూది నంబరు కూడా గుర్తుండదు.

అల్లినదాన్నే చదవండి. నిట్ వైపు, అంటే దారం వెనక ఉంచి అల్లే సాదా కుట్టు కనిపించే వైపు, ప్రతి కుట్టూ చిన్న నామంలా కనిపిస్తుంది. ఒకదాని మీద ఒకటి ఎన్ని నామాలుంటే అన్ని వరుసలు. అన్ని వరుసలూ నిట్ అల్లినదైతే పొలం గట్లలా చారలుంటాయి, ఒక్కో గట్టుకు రెండు వరుసలు. ఇక వరుస మధ్యలో ఆపేసినదైతే, ఉండ నుంచి వచ్చే దారం ఏ సూది మీది చివరి కుట్టుకు వేలాడుతోందో చూడండి. ఆ సూది కుడి చేతిలోకి రావాలి. ఎడమ చేత్తో పట్టుకుని మొదలుపెడితే వెనక్కి అల్లుకుంటూ పోతారు, ఆ చోట ఒక రంధ్రం, ఒక పక్క రెండు వరుసల ఎత్తు మిగులుతాయి. నా మఫ్లర్‌లో అలాంటివి మూడు దొరికాయి. ప్రతిసారీ ఫోను మోగి లేచిన చోటే అయి ఉంటుంది.

ఇకనుంచి పక్కన పెట్టే ముందు ఒక చీటీ మీద సూది నంబరు, వరుస సంఖ్య, ఎవరికి, ఏ కొలత అనే నాలుగు సంగతులు రాసి, ఊలు ముక్కతో అల్లికకే కట్టేయండి. ఆ సూదులు వేరే పనికి కావాలంటే కుట్లన్నిటినీ నూలు దారం మీదికి ఎక్కించి రెండు కొసలూ ముడి వేయండి.

సమస్య: 60 కుట్లతో మొదలుపెడితే 66 అయ్యాయి

ఇందుకు మూడు కారణాలున్నాయి. మొదటిది అంచులో జరుగుతుంది. వరుస మొదట్లో దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగితే మొదటి కుట్టు రెండు కాళ్లూ పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తాయి, రెండింటినీ అల్లేస్తాం. దారం ఎప్పుడూ సూది కింది నుంచే వెనక్కి పోవాలి. రెండోది నడుము పట్టీ దగ్గర వస్తుంది. ఒక నిట్, ఒక పర్ల్ (దారం ముందు ఉంచి అల్లే కుట్టు) అల్లేటప్పుడు దారాన్ని ముందుకో వెనక్కో మార్చడం మరిచిపోతే సూది మీద అదనంగా ఒక చుట్టు పడుతుంది. మూడోది, సూది మొన దారం పేటల మధ్య గుచ్చుకుని ఒకే కుట్టు రెండుగా చీలడం.

అదనపు చుట్టును వెంటనే చూస్తే సూది మీద నుంచి వదిలేయండి, ఆ వదులు పక్క కుట్లలో సర్దుకుంటుంది. పది వరుసలు దాటాక కనిపించి, రంధ్రం బయటికి తెలియకపోతే, తర్వాత రెండు భాగాలనూ కలిపి కుట్టే అంచు దగ్గర రెండేసి కుట్లు కలిపి అల్లి లెక్క సరిచేయండి. ప్రతి పది వరుసలకూ ఒకసారి లెక్కపెడితే ఈ బాధే ఉండదు.

సమస్య: ఒక కుట్టు జారి కిందికి దిగిపోయింది

కంగారుపడి గుడ్డను లాగితే ఇంకా దిగుతుంది. ముందుగా ఆ కుట్టుకు ఒక పిన్నీసు పెట్టి ఆపండి. తర్వాత నిట్ వైపు మీకు ఎదురుగా ఉండేలా తిప్పి దగ్గరగా చూడండి. జారిన కుట్టు ఒక చిన్న ఉచ్చులా కింద ఉంటుంది, దాని మీద అడ్డంగా వదులు దారాలు నిచ్చెన మెట్లలా పైదాకా ఉంటాయి. క్రోషియా సూదిని ఉచ్చులోకి ముందు నుంచి పోనిచ్చి, అన్నిటికంటే కింద ఉన్న మెట్టును కొక్కేనికి తగిలించి, ఉచ్చులోంచి ముందుకు లాగండి. ఒక వరుస కట్టినట్టే. అలా మెట్టు తర్వాత మెట్టు ఎక్కి చివరి ఉచ్చును ఎడమ సూదికి తగిలించండి. ఒక్క మెట్టు వదిలినా వెనక దారం వేలాడుతుంది, కాబట్టి గుడ్డ తిప్పి ఒకసారి చూసుకోండి. గట్ల అల్లికైతే ఒక మెట్టు ముందు నుంచి, ఒక మెట్టు వెనక నుంచి ఎక్కించాలి.

రంధ్రాల డిజైన్లలో ఇంత సులువుగా పట్టుబడదు. అందులో ప్రతి 20 వరుసలకూ మొండి సూదితో సన్నని తెల్ల నూలు దారాన్ని ఆ వరుసలోని అన్ని కుట్లలోంచీ దూర్చి వదిలేయండి. పైన ఏం తప్పినా ధైర్యంగా విప్పవచ్చు, ఆ దారం దగ్గర ఆగుతుంది.

సమస్య: నమూనాలో చెప్పినట్టే అల్లినా కొలత రాలేదు

సగంలో ఆగినవాటిలో ఎక్కువ ఈ కోవవే. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు తనకు నచ్చిన కార్డిగన్ నమూనా పంపింది. అందులో 8వ నంబరు సూది అని ఉంటే నా దగ్గరున్న 8తోనే మొదలుపెట్టాను. వీపు భాగం పూర్తయ్యాక టేపు పెడితే 20 అంగుళాలు రావలసింది 17 వచ్చింది. గుడ్డ కూడా గట్టిగా, అట్టలా ఉంది. తప్పు చేతిది కాదు, నంబరుది. మన పాత సూదులకు ఉన్నది బ్రిటిష్ నంబరు. అందులో 8 అంటే 4 మిల్లీమీటర్లు. అమెరికా 8 అంటే 5 మిల్లీమీటర్లు. పైగా వరుస కూడా తలకిందులు. బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికా లెక్కలో లావవుతుంది. 10వ నంబరు ఇక్కడ 3.25 మిల్లీమీటర్లు, అక్కడ 6. నమూనాలో మిల్లీమీటర్లు ఎంతో చూడండి, నంబరును నమ్మకండి.

సూది సరైనదే అయినా చేతి బిగువు మనిషికో తీరుగా ఉంటుంది. నమూనా 10 సెంటీమీటర్లకు 22 కుట్లు అంటోంది, మీ చేతికి 20 వస్తున్నాయి అనుకోండి. రెండు కుట్లే కదా అని వదిలేస్తే, 100 సెంటీమీటర్ల ఛాతీకి ఎక్కించిన 220 కుట్లు 110 సెంటీమీటర్లు పరుచుకుంటాయి. స్వెటర్ ఒక మనిషి సైజు పెరిగినట్టే. అందుకే ముందు 15 సెంటీమీటర్ల చదరపు ముక్క అల్లి, ఉతికి, ఆరాక మధ్యలో 10 సెంటీమీటర్లు కొలవాలి. కుట్లు తక్కువ వస్తే సన్న సూది, ఎక్కువ వస్తే లావు సూది. ఒక సాయంత్రం పోతుంది, కానీ వీపు భాగం విప్పే మూడు వారాలు మిగులుతాయి.

సమస్య: ఊలు చాలలేదు, మళ్లీ కొన్నది రంగు కలవలేదు

ఊలును విడతలుగా రంగు వేస్తారు. లేబులు మీద రంగు నంబరు పక్కన విడత నంబరు కూడా ఉంటుంది. రంగు నంబరు ఒకటే అయినా విడత మారితే ఛాయ మారుతుంది. దుకాణంలో ట్యూబులైటు కింద తేడా తెలియదు, ఎండలో గీత గీసినట్టు కనిపిస్తుంది. కొనేటప్పుడే ఒకే విడతవి ఒక ఉండ ఎక్కువ తీసుకోవాలి, ఒక లేబులు దాచుకోవాలి. ఇప్పటికే ఇరుక్కుంటే, పాత ఉండ అయిపోకముందే పాతదానితో రెండు వరుసలు, కొత్తదానితో రెండు వరుసలు మార్చి మార్చి అల్లండి. తేడా గీతగా నిలవకుండా కలిసిపోతుంది. లేదంటే పట్టీలు, కాలరు పూర్తిగా వేరే రంగుతో అల్లేయండి. కావాలని చేసినట్టే ఉంటుంది.

సమస్య: ఒక చెయ్యి పూర్తయింది, రెండోదానికి మనసు రావడం లేదు

రెండు చేతులూ ఒకే సూది మీద, రెండు ఉండలతో పక్కపక్కనే అల్లండి. పొడవులూ సరిగ్గా సరిపోతాయి.

సమస్య: అంచు చుట్టలా చుట్టుకుపోతోంది

ఒక వైపంతా నిట్, ఇంకో వైపంతా పర్ల్ ఉన్న గుడ్డ స్వభావమే అది. ఇస్త్రీతో పోదు. కింద ఆరు వరుసలు, రెండు పక్కలా నాలుగేసి కుట్లు గట్ల అల్లిక పెట్టి ఉండవలసింది. ఇప్పుడైతే అంచు వెంట కుట్లు ఎత్తి పట్టీ అల్లడమే దారి.

సమస్య: పాప స్వెటర్ తల దగ్గర పట్టలేదు, లేదా చలి వచ్చేసరికి చిన్నదైంది

మనం ఛాతీ కొలుస్తాం. కానీ పసిబిడ్డకు ఛాతీ కంటే తల పెద్దది. పుట్టినప్పుడు తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు, ఏడాదికి 46 దాకా వస్తుంది. మెడ దగ్గర కుట్లు బిగుతుగా మూసేస్తే అది దాటదు. మన 10వ నంబరు (3.25 మిల్లీమీటర్ల) సూదితో అల్లితే మెడ కుట్లు మన 8వ నంబరుతో (4 మిల్లీమీటర్లు) మూయండి, వదులుగా వస్తుంది. అంతకంటే మేలు, ముందు వైపు పూర్తిగా తెరుచుకునేలా లేదా భుజం మీద రెండు గుండీలతో అల్లడం. బిడ్డ ఏడవకుండా తొడగవచ్చు. గుండీలు గట్టిగా కుట్టి లాగి చూడండి, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. మెడ దగ్గర పొడుగు నాడాలు వద్దే వద్దు.

ఇక సైజు. బారసాలకు ఇచ్చేది బారసాల నాటి సైజులో అల్లుతాం. జూన్‌లో పుట్టిన పాపకు హైదరాబాద్‌లో స్వెటర్ కావలసింది డిసెంబర్‌లో, అప్పటికి ఆరు నెలలు నిండుతాయి. ఆరు నుంచి పన్నెండు నెలల సైజు అల్లి ఇస్తే ఆ చలికాలమంతా వేసుకుంటుంది. పుట్టిన నెల, ఉండే ఊరు, అక్కడ చలి ఎప్పుడు అన్న మూడూ అడిగి తెలుసుకున్నాకే కుట్లు ఎక్కించండి. ఆదిలాబాద్ పాపకూ విజయవాడ పాపకూ ఒకే లావు ఊలు పనికిరాదు.

సమస్య: ఇచ్చిన స్వెటర్ ఉతికాక బొమ్మకు సరిపోయేంత అయింది

మా మేనకోడలు వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్లతో వేసి, తీసి చూసి ఏడ్చింది. తనకు తెలియదు, నేను చెప్పలేదు. గొర్రె ఊలు పోగుకు చేప పొలుసుల్లాంటి పొలుసులుంటాయి. వేడి, సబ్బు, రాపిడి కలిస్తే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని కంబళిలా దట్టమవుతాయి. మళ్లీ విడవవు, కాబట్టి దీనికి మరమ్మతు లేదు. చిన్న పిల్లలున్న ఇంటికి ఇచ్చేదైతే మెషీన్‌లో ఉతకవచ్చని లేబులు మీద ఉన్న ఊలు గానీ, యాక్రిలిక్ గానీ, నూలు గానీ వాడండి. యాక్రిలిక్ కుంచించుకుపోదు, అయితే వేడి ఇస్త్రీ తగిలితే జీవం పోయి వేలాడిపోతుంది. కానుకతోపాటు లేబులు ముక్క, ‘చల్లని నీళ్లు, నీడలో పరిచి ఆరబెట్టాలి’ అన్న చీటీ పెట్టండి. తాడు మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగుతుంది.

సమస్య: దాచినదానికి చిల్లులు

ఎగిరే పురుగు తినదు, దాని పిల్లపురుగు తింటుంది. గొర్రె ఊలు, పట్టు దానికి ఆహారం. చెమట, మరకలు ఉంటే ఇంకా ఇష్టం. ఉతికి, బాగా ఆరబెట్టి, గాలి చొరని సంచిలో మూసి పెట్టాలి. వేపాకు నేనూ వేస్తాను, కానీ దాని మీదే ఆధారపడను. పసిపిల్లల బట్టల్లో మాత్రం నాఫ్తలీన్ గోళీలు వేయకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న బిడ్డలకు ఆ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. పురుగు పట్టిందని అనుమానం వస్తే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒక వారం డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి.

సమస్య: తప్పేమీ లేదు, అయినా పూర్తి చేయాలని లేదు

అయితే విప్పేయండి. ఊలు వృథా కాదు. కుర్చీ వీపుకు చుట్టి చిలపగా చేసి, నాలుగు చోట్ల కట్టి, గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, తువ్వాలులో ఒత్తి నీడలో వేలాడదీయండి. వంకరలు పోతాయి. నా ఏడింటిలో రెండు ఇలా విప్పాను.

ఒకటి మాత్రం విప్పలేకపోయాను. అది ఆదిలాబాద్‌లో ఉండే అత్తయ్య కోసం మొదలుపెట్టిన గోధుమ రంగు స్వెటర్. వీపు భాగం చంకల దాకా వచ్చాక ఆవిడ పోయారు. 20 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు. ఆ కుట్లు తొమ్మిదేళ్లు సూది మీదే ఉండిపోయాయి. ఈ చలికాలం వాటిని మూసేసి, ముక్కను నిలువుగా మధ్యకు మడిచి అడుగు, పక్క కుట్టాను. పైన రెండు గుండీలు పెట్టాను. వేడినీళ్ల సంచికి తొడుగుగా సరిగ్గా సరిపోయింది. మామయ్యకు నడుము నొప్పి. ఆయనకు పంపించాను.