విదేశాల్లో అక్కడి రెస్టారెంట్లలో భార్యాభర్తలిద్దరూ హాయిగా భోంచేయాలంటే ఎలా?

శంషాబాద్‌లో విమానం ఎక్కితే మూడున్నర గంటల్లో బ్యాంకాక్. మేం మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు ఉన్న నాలుగు రాత్రుల్లో మూడు రాత్రులు ఇండియన్ రెస్టారెంట్‌లోనే తిన్నాం. థాయ్ వంట ఇష్టం లేక కాదు. పగలంతా గుళ్లు, బజార్లు తిరిగి రాత్రి తొమ్మిదింటికి రోడ్డు మీద నిలబడేవాళ్లం. "ఎక్కడ తిందాం?" అని ఆయన అడిగితే "మీ ఇష్టం" అనేదాన్ని. "నీ ఇష్టం" అనేవారాయన. నేను శాకాహారిని, ఆయన అన్నీ తింటారు. కడుపు నకనకలాడుతుంటే కొత్త మెనూ చదివే ఓపిక ఇద్దరికీ ఉండేది కాదు. చివరికి తెలిసిన పేర్లున్న బోర్డు కనబడగానే లోపలికి వెళ్లిపోయేవాళ్లం. కూకట్‌పల్లిలో ఇంతకన్నా బాగా దొరికే పనీర్ కూర తినడానికి అంత దూరం వెళ్లామా అని వచ్చాక చాలా బాధపడ్డాను.

ఆ తర్వాతి ప్రయాణాల్లో పద్ధతి మార్చుకున్నాం. ఇప్పుడు మేం చేసేది ఇదీ.

1. రోజుకు ఒక్క పూట, అదీ మధ్యాహ్నం

మూడు పూటలూ కొత్త తిండే తినాలని పట్టు పట్టకండి. మూడో రోజుకే పెరుగన్నం గుర్తొస్తుంది, గొడవలు మొదలవుతాయి. పొద్దున హోటల్లో టిఫిన్, రాత్రికి పండ్లు, బ్రెడ్ లాంటి తేలికైనవి పెట్టుకోండి. మధ్యాహ్నం మాత్రం కూర్చుని, తీరిగ్గా, ఆ ఊరి భోజనం చేయండి.

మధ్యాహ్నమే ఎందుకంటే అప్పటికి ఇంకా అలసిపోరు. పైగా చాలా చోట్ల చవక కూడా. స్పెయిన్‌లో 'మెనూ డెల్ దియా' అని, మామూలుగా పనిదినాల్లో, ఒకే ధరకు రెండు వంటకాలు, బ్రెడ్, తాగడానికి ఏదో ఒకటి ఇస్తారు. అక్కడ రాత్రి భోజనం తొమ్మిదింటికి గానీ మొదలుకాదు. ఇటలీలో చాలా వంటగదులు మధ్యాహ్నం రెండున్నర, మూడుకు మూసేస్తే మళ్లీ ఏడు దాటాకే తెరుస్తారు. మనలాగా నాలుగింటికి భోజనానికి వెళ్తే తలుపు మూసి ఉంటుంది.

ఎక్కడికి వెళ్లాలో ఇంకా తేల్చుకోకపోతే తిండినే కొలమానంగా పెట్టుకోవచ్చు. మన హైదరాబాద్‌ను యునెస్కో 2019లో వంటకాలకు పేరుపొందిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్, ఇటలీలోని పార్మా, టర్కీలోని గాజియాంతెప్ 2015లోనే ఆ జాబితాలోకి వచ్చాయి.

2. తినేవీ తిననివీ చీటీ మీద రాయించుకోండి

శాకాహారులకు, బీఫ్ తిననివాళ్లకు, హలాల్ కావాల్సినవాళ్లకు, ఏదైనా పడనివాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. "వెజిటేరియన్" అన్న ఒక్క మాట మీద ఆధారపడకండి. చాలా దేశాల్లో ఆ మాటకు ముక్కలు లేకపోతే చాలన్న అర్థమే తీసుకుంటారు. థాయ్‌లాండ్‌లో కూరగాయల వేపుడులోనూ 'నామ్ ప్లా' అనే చేపల సాస్ పడుతుంది. వియత్నాంలో దాన్నే 'నువోక్ మామ్' అంటారు. బాలిలో పచ్చళ్లలో 'టెరాసి' అనే రొయ్యల ముద్ద కలుపుతారు. జపాన్‌లో చూడటానికి ఉత్త నీళ్లలా ఉండే సూప్‌ కూడా ఎండు చేపతో కాచిన 'దాషి' కావచ్చు. ఇటలీలో పార్మిజానో చీజ్‌ను దూడ పొట్ట నుంచి తీసే రెనెట్‌తో విరగ్గొడతారు.

అందుకే చీటీలో విడివిడిగా రాయండి: మాంసం వద్దు, చేప వద్దు, చేపల సాస్ వద్దు, రొయ్యల ముద్ద వద్దు, గుడ్డు ఫర్వాలేదు. ఇలా. బయల్దేరే ముందే ఫోన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్‌కు ఆ భాషను డౌన్‌లోడ్ చేసి అందులో రాసుకోండి. దిగాక హోటల్ రిసెప్షన్‌లో చూపించి తప్పులుంటే దిద్దించుకోండి. ఇద్దరి ఫోన్లలోనూ ఫొటో ఉండాలి.

రెండు మాటలు మాత్రం నోటికి పట్టించుకోండి. థాయ్‌లాండ్‌లో 'జే' అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేని భోజనం. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ఆ మాట రాసి ఉంటుంది. వియత్నాంలో శాకాహారాన్ని 'చాయ్' అంటారు. అవును, మన చాయ్ లాగే పలుకుతుంది. చాంద్రమాసంలో ఒకటో రోజు, పదిహేనో రోజు అక్కడి బౌద్ధులు చాలామంది మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో చాయ్ హోటళ్లు కిటకిటలాడతాయి. ఆయన లాంటి మాంసాహారులూ కొన్ని మాటలు నేర్చుకోవాలి. వియత్నాంలో 'బో' బీఫ్, 'గా' కోడి. థాయ్‌లో 'మూ' అంటే పంది మాంసం.

3. ఆకలి వేయకముందే చోటు చూసుకోండి

పదకొండింటికే ఆ వీధిలో ఒకసారి నడవండి. మెనూలో పది దేశాల వంటలుండి, బయట నిలబడి రమ్మని పిలిచే చోటుకన్నా, నాలుగైదు వంటకాలే చేస్తూ ఆ ఊరి ఆఫీసువాళ్లు వరుస కట్టే చోటు నయం. ఎంపికకు మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఒకరోజు ఆయన వంతు, మరుసటి రోజు నా వంతు. వంతు ఎవరిదైనా రెండోవాళ్లు తినగలిగేది కనీసం ఒక్కటైనా మెనూలో ఉండాలి. "నీ ఇష్టం" అనడం మానేశాం.

సింగపూర్‌లో హాకర్ సెంటర్‌కు, అంటే రకరకాల తిండి స్టాళ్లు ఒకేచోట ఉండే చోటుకు వెళ్తే ఈ తంటానే ఉండదు. ఆయన ఒక స్టాల్‌లో, నేను ఇంకో స్టాల్‌లో కొనుక్కుని ఒకే బల్ల దగ్గర తింటాం. ఖాళీ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ కనబడితే కూర్చోకండి, అది ఎవరో ఆపుకున్న సీటు. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి, 2021 నుంచి అక్కడ అది నిబంధన.

4. రెండే చెప్పండి, తర్వాత మూడోది

ప్లేటు ఎంత వస్తుందో తెలియదు కాబట్టి ముందు రెండు వంటకాలే చెప్పండి. థాయ్‌లాండ్, వియత్నాంలలో మన ఇళ్లలో లాగే అన్నం విడిగా, కూరలు మధ్యలో పెడతారు. అలాంటప్పుడు శాకాహారి ముందు వడ్డించుకోవాలి, గరిటెలు కలవకూడదు. ఇది మొదటి రోజే మాట్లాడుకోండి. ఇటలీలో ఎవరి ప్లేటు వాళ్లదే. పంచుకోవాలంటే ఇంకో ఖాళీ ప్లేటు అడగండి.

మేం ఆంధ్రావాళ్లం, ఎంత కారమైనా తింటాం అని థాయ్‌లాండ్‌లో ధీమా వద్దు. అక్కడి చిన్న మిరపకాయల ఘాటు వేరు. 'మై ఫెట్' అంటే కారం వద్దని. తక్కువతో మొదలుపెట్టండి, బల్ల మీద మిరపపొడి ఎలాగూ ఉంటుంది. మన ఆవకాయ సీసా హోటల్ గదిలోనే ఉండనివ్వండి. యూరప్‌కైతే నెయ్యి తీసుకెళ్లకండి, పాల పదార్థాలను లోపలికి రానివ్వరు.

5. బిల్లు

ఇటలీలో 'కొపెర్తో' అని మనిషికి ఇంత అని వేస్తారు. అది మోసం కాదు, కూర్చున్నందుకు కట్టేది. ఫ్రాన్స్‌లో 'కరాఫ్ దో' అని అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు, అడక్కపోతే బాటిల్ నీళ్లకు బిల్లు పడొచ్చు. సింగపూర్ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ ఛార్జీ, దానిపైన 9 శాతం పన్ను అదనం. 100 డాలర్లు అనుకున్నది 119.90 అవుతుంది. జపాన్‌లో టిప్ ఇవ్వకండి. అమెరికాలో 15 నుంచి 20 శాతం ఇవ్వాల్సిందే. యూరప్‌లో మీరు అడిగేదాకా బిల్లు తేరు, ఎదురుచూస్తూ టెన్షన్ పడొద్దు.

కార్డు మెషీన్ రూపాయల్లోనా, అక్కడి కరెన్సీలోనా అని అడిగితే అక్కడి కరెన్సీయే నొక్కండి. రూపాయలు నొక్కితే మార్పిడి రేటు వాళ్ల చేతికి వెళ్తుంది, దాదాపు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.

6. చివరి రోజు

కొత్త చోటు వెతక్కండి. మీ ఇద్దరికీ బాగా నచ్చిన చోటికే మళ్లీ వెళ్లండి. వియత్నాంలోని హనోయ్‌లో మేం ఒక చిన్న చాయ్ హోటల్‌కు రెండోసారి వెళ్లాం. టమాటా సాస్‌లో ఉడికించిన టోఫు, వేయించిన తూటికూర, అన్నం. మొదటి రోజు నేను మూడుసార్లు మిరపకాయలు అడిగాను. రెండోసారి వెళ్లినప్పుడు వడ్డించే పెద్దావిడ నేను చీటీ తీసేలోపే నవ్వి, మిరపకాయల గిన్నె తెచ్చి నా ప్లేటు పక్కన పెట్టింది.