ఐర్లండ్ పల్లెల్లో పరుగుకి వెళ్లే కొత్తవాళ్లకి

పోయిన నవంబరు చివర్లో ఒక సాయంత్రం ఐదింటికి డ్యూటీ దిగి ఇంటికొస్తున్నాను. మల్లింగర్ ఊరు దాటాక పల్లెదారి. రెండు పక్కలా మనిషెత్తు పొదల కంచె, ఒక్క వీధిదీపం లేదు. మలుపు తిరగగానే కారు లైట్లలో రెండు తెల్లటి మచ్చలు పైకీ కిందకీ ఆడుతూ కనిపించాయి. అవి బూట్ల మడమలు. మనిషి ఆ తర్వాత కనిపించాడు. నల్ల ట్రాక్‌సూటు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, నాకు వీపు పెట్టి రోడ్డుకి ఎడమ పక్కన పరుగు. బ్రేకు తొక్కి ఆపి చూస్తే మనవాడే. వచ్చి మూడు వారాలైందట, వృద్ధులుండే నర్సింగ్ హోమ్‌లో వాళ్లని చూసుకునే కేరర్‌గా చేరాడట. కోప్పడితే, "అన్నా, నేను ఎడమ పక్కనే వెళ్తున్నా కదా" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు ఆగిపోయింది. చిన్నప్పుడు బడిలో మనందరికీ నేర్పింది అదే. ఎడమ పక్క నడవాలి, పక్కకి జరగాలి. ఇక్కడ ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచినా పరుగెత్తినా కుడి పక్కనే ఉండాలి. బళ్లు మన దేశంలో లాగే ఎడమన పోతాయి కాబట్టి, కుడి పక్కన ఉంటే మన వైపు వచ్చే బండి మన మొహానికి ఎదురుగా వస్తుంది. మనం దాన్ని చూస్తాం, అవసరమైతే తప్పుకుంటాం. వెనకనుంచి వచ్చేదాన్ని నమ్ముకుని పరుగెత్తకూడదు.

కుడి పక్క అన్నాం కదా అని గుడ్డిగా కూడా పోవద్దు. దారి కుడికి తిరిగే చోట మనం మలుపు లోపలి వైపు పడతాం. కంచె చాటున ఉన్న మనం డ్రైవరుకి చివరి క్షణం దాకా కనపడం. అలాంటి మలుపు ముందే ఆగి, విని, ఎడమకి దాటి, మలుపు తిరిగాక మళ్లీ కుడికి రావాలి. ఈ చిన్న దారుల మీద స్పీడు హద్దు 2025 ఫిబ్రవరి 7 నుంచి గంటకి 80 నుంచి 60 కిలోమీటర్లకి తగ్గించారు. మంచిదే. కానీ 60 అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. మలుపులో కనిపించే దూరం చాలాచోట్ల అంతకంటే కాస్త ఎక్కువే, అంతే.

వేసవిలో ఇది ఇంకా ఇరుకవుతుంది. పక్షులు గూళ్లు కడతాయని మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కంచెలు కొట్టకూడదని చట్టం. జూలైకల్లా ముళ్లకొమ్మలు తారు మీదకే వాలతాయి. మే చివర్లో, జూన్‌లో పశువుల గడ్డి కోతలు మొదలైతే, వాన పడకముందే ఇల్లు చేర్చాలని ట్రాక్టర్లు రాత్రి పదింటిదాకా తిరుగుతుంటాయి. వెనక ట్రెయిలర్ ట్రాక్టరు కంటే వెడల్పు ఉంటుంది. ట్రాక్టరు దాటింది కదా అని అడుగు ముందుకి వెయ్యకండి.

అలాంటప్పుడు ఎక్కడ నిలబడాలో నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. వచ్చిన రెండో నెలలో, పాల లారీ ఎదురొస్తే మర్యాదగా పక్కనున్న గడ్డి మీదకి దిగాను. గడ్డి కింద నేల లేదు. నీళ్లు పోవడానికి తవ్విన గాడి, మోకాలి లోతు, పైన గడ్డి కప్పేసి ఉంది. మడమ మెలిపడింది. ఫోన్ తీసి ఎక్కడున్నానో చెప్పబోతే చెప్పడానికి ఏమీ లేదు. ఇళ్లకి నంబర్లు లేవు, వీధి పేరు లేదు. లారీ ఆయనే ఆపి ఇంటిదగ్గర దింపాడు. కొత్త ఉద్యోగం, రెండు వారాలు కుంటుతూ డ్యూటీ చేశాను. అప్పటినుంచి నాకు పొలం గేటే స్టాపు. గేటు ముందు ఎప్పుడూ గట్టి నేల ఉంటుంది. బండి చప్పుడు వినగానే వెనకటి గేటు దగ్గరో ముందరి గేటు దగ్గరో చూసుకుని, అక్కడ వీపు ఆనించి నిలబడతాను. ప్రతి ఇంటికీ ఎయిర్‌కోడ్ ఉంటుంది, అక్షరాలూ అంకెలూ కలిపి ఏడు, పిన్‌కోడ్ లాంటిదే కానీ ఇంటింటికీ వేరు. మీది బట్టీ పట్టండి. 112కి ఫోన్ చేస్తే ఎక్కడో చెప్పడానికి అదే.

ఇక రేడియం జాకెట్. దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా "పగలే కదా" అంటారు. డిసెంబరు నడుమ ఇక్కడ తెల్లారేది ఎనిమిదిన్నర దాటాకే, పొద్దుగూకేది నాలుగుంబావు ముందే. డ్యూటీకి ముందు చీకటి, తర్వాత చీకటి. మధ్యాహ్నం మూడింటికి ఎండ ఉన్నా ఆ సూర్యుడు కొండంచు మీద ఉన్నట్టు కళ్లలో పొడుస్తాడు. డ్రైవరు అద్దం మీద అంతా తెలుపే, మీరు నల్లచొక్కాలో ఒక నీడ. జాకెట్ వేసుకోండి, తలకి లైటు కట్టుకోండి, ఒక చెవైనా ఖాళీగా ఉంచండి. ఇంతకంటే బతిమాలలేను.

ఇంత చెప్పాక అసలు మాట. మొదటి ఆరు నెలలు రోడ్డు జోలికే పోవద్దు. మల్లింగర్‌లో ఉన్నవాళ్ల అదృష్టం, రాయల్ కెనాల్ ఊరిని చుట్టి పోతుంది. 2021లో మేనూత్ నుంచి క్లూండారా దాకా 130 కిలోమీటర్ల గ్రీన్‌వేగా, అంటే కార్లు రాని నడక, సైకిలు దారిగా తెరిచారు. గోదావరి జిల్లాలవాళ్లకి చెప్పక్కర్లేదు, అచ్చం మన కాలవ గట్టు. మనం లాకులు అనేవి ఇక్కడా లాకులే. ఊరి నుంచి పడమరకి కూల్నహే దాకా ఒక్క లాకు లేదు, నీళ్లు సమంగా ఉంటాయి, దారీ సమంగా ఉంటుంది. ఔల్ సరస్సు నీళ్లే ఈ కాలవకి ప్రాణం. పొద్దున్నే వెళ్తే గట్టంచున బూడిదరంగు కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది, అయిదడుగుల దూరం దాకా కదలదు. చాలా వంతెనల మీద పేరు చెక్కి ఉంటుంది, దాటినప్పుడల్లా చదువుకోండి, ఎయిర్‌కోడ్ లేని చోట అదే మీ చిరునామా.

అత్‌లోన్ వైపు ఓల్డ్ రైల్ ట్రెయిల్ ఇంకొకటి, పాత రైలు పట్టాల దారి. 40 కిలోమీటర్ల పైనే, కార్లు రావు, రాతి వంపు వంతెనల కిందనుంచి పోతాం. మేయోలో ఉన్నవాళ్లకి వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్ దాకా, వాటర్‌ఫర్డ్‌లో డన్‌గార్వన్ దాకా ఇలాంటివే ఉన్నాయి. పొలాల్లోకి మాత్రం అడ్డదారని దూరకండి, ప్రతిదీ ఒకరి సొంతం. గేటు దగ్గర కుక్క అరిస్తే పరుగాపి నడవండి, చాలావరకు అదే ఆగిపోతుంది.

భయపెట్టానేమో. ఇన్నేళ్లలో ఈ దారుల మీద నన్ను కావాలని ఇబ్బంది పెట్టిన డ్రైవరు ఒక్కడు లేడు. నన్ను చూడగానే వేగం తగ్గిస్తారు, అవతలి పక్కకి జరుగుతారు, స్టీరింగు మీదనుంచి ఒక వేలెత్తి పలకరిస్తారు. మీరూ చెయ్యెత్తండి. మధ్యలో గడ్డి మొలిచిన బోరీన్, అంటే ఇరుకు పల్లెబాట, దొరికితే, అలవాటయ్యాక, అక్కడ పరుగెత్తడం అంత హాయి ఇంకోటి లేదు. మేలో కంచెలనిండా తెల్లటి హాథార్న్ పూలు, ఆగస్టు చివర్లో చేతికందే బ్లాక్‌బెర్రీలు.

ఆ తమ్ముడు ఇప్పుడు నాతోనే వస్తున్నాడు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మల్లింగర్‌లో కాలవ హార్బరు దగ్గర ఉంటాం. ఎవరైనా రావచ్చు. జాకెట్ లేకపోతే నా కారులో రెండున్నాయి.