కారు ఏసీ చల్లబడటం లేదా? గ్యాస్ పట్టించే ముందు ఇవి చూడండి

రోహిణి కార్తె వచ్చిందంటే విజయవాడ ఆటోనగర్‌లో ఏసీ షాపుల ముందు ఒకటే మాట వినిపిస్తుంది: "గ్యాస్ అయిపోయినట్టుందండీ, కాస్త పట్టించండి." ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లోనే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. పాతబడిన కారులో సీళ్ల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం వేరు. ప్రతి వేసవికీ పట్టించాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే. పైగా కూలింగ్ తగ్గిన ప్రతిసారీ తప్పు గ్యాస్‌దే కానక్కర్లేదు.

గాలి చల్లగానే ఉంది, గట్టిగా రావడం లేదు

ముందు క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. గ్లవ్ బాక్స్ దించితే చేతికందుతుంది, మెకానిక్‌తో పని లేదు. గుంటూరు మిర్చి యార్డు వైపో, పత్తి మిల్లుల వైపో రోజూ తిరిగే కారైతే పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే మార్చాలి. గాలి ఊదే బ్లోయర్ పెద్ద స్పీడులో తప్ప మిగతా స్పీడుల్లో తిరగకపోతే, స్పీడు తగ్గించే రెసిస్టర్ అనే చిన్న భాగం పోయి ఉంటుంది. బ్లోయర్ మొత్తం మార్చమంటే ఒప్పుకోవద్దు.

హైవే మీద చల్లగా ఉంటుంది, సిగ్నల్ దగ్గర వేడి గాలి

రామవరప్పాడు రింగ్ దాటి ఏలూరు వైపు పోతుంటే హాయిగా ఉంటుంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఆగితే చెమటలు. చాలాచోట్ల గ్యాస్ పేరు చెప్పి డబ్బు తీసుకునేది ఈ సమస్యకే. అసలు లోపం ఎక్కువసార్లు కారు ముందు భాగంలో ఉంటుంది.

లోపలి వేడిని గ్యాస్ మోసుకొచ్చి, రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో వదులుతుంది. బండి పరుగులో ఉంటే ఎదురుగాలి ఆ వేడిని లాగేస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ ఒక్కటే చేయాలి. ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ వేసి, బానెట్ ఎత్తి చూడండి. కొద్దిసేపట్లో ఫ్యాన్ తిరగాలి. చెయ్యి మాత్రం దగ్గర పెట్టకండి, అది ఏ క్షణంలోనైనా తిరగొచ్చు. తిరగకపోతే ఫ్యూజ్, రిలే, వైరింగ్, మోటార్ వరసగా చూడాలి. ఎలుకలు వైర్లు కొరకడం మన దగ్గర మామూలే. బండి ఆగినప్పుడు టెంపరేచర్ ముల్లు కూడా పైకి పోతుంటే ఫ్యాన్ మీద అనుమానం బలపడుతుంది. అప్పుడు ఏసీ ఆపేసి బండి పక్కన పెట్టండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయొద్దు.

ఫ్యాన్ బాగానే ఉంటే కండెన్సర్ రేకుల్లో దుమ్ము, పురుగులు పేరుకున్నాయేమో చూడండి. ఇంజన్ చల్లారాక మామూలు పైపు నీళ్లతో కడిగితే చాలు. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి.

మొదట బాగుంటుంది, అరగంటకు గాలి తగ్గిపోతుంది

గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. ఏసీ ఆపి బ్లోయర్ ఒక్కటే పది నిమిషాలు నడపండి. గాలి మళ్లీ మామూలుగా వస్తే సంగతి ఇదే. ఫిల్టర్ మూసుకుపోవడం, కాయిల్ దగ్గరి సెన్సర్ పాడవడం, గ్యాస్ తగ్గడం - ఈ వరసలో చూడమనండి.

అసలు చల్లదనమే లేదు

గ్యాస్ అనుమానం ఇక్కడ సబబే. అయినా ముందు ఫ్యూజు, రిలే, గ్యాస్‌ను తిప్పే కంప్రెసర్‌ను ఇంజన్‌తో కలిపే క్లచ్ చూడాలి. ఏసీ వేయగానే క్లచ్ 'టక్' మంటుంది. కొత్త కార్లు కొన్నింటిలో క్లచ్ ఉండదు కాబట్టి 'టక్' మనే చప్పుడు వినపడకపోతే లోపమనుకోకండి.

రాత్రంతా ఆగి ఉన్న కారుకు ఒత్తిడి కొలిచే గేజ్ పెడితే, 30 డిగ్రీల వేడిలో ఆర్-134ఏ గ్యాస్ 95-100 పీఎస్ఐ దగ్గర చూపాలి. బాగా తక్కువ చూపిస్తే గ్యాస్ పోయినట్టే. ఆ అంకె సరిపోయినంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉన్నట్టు కాదు.

లీకయ్యే చోట నూనె మరక, దాని మీద దుమ్ము కనిపిస్తాయి. కనపడకపోతే పొడి నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నీళ్లు రాసి బుడగలు చూస్తారు. లీకు మూశాక కనీసం అరగంట వాక్యూమ్ లాగి (అంటే పైపుల్లోని గాలి, తేమ తీసేసి), అది నిలుస్తోందో లేదో చూసి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు తూకం వేసి ఎక్కించాలి. ఎక్కువైనా కూలింగ్ తగ్గుతుంది. స్టిక్కర్ మీద ఆర్-1234వైఎఫ్ (వేరే రకం గ్యాస్) అని రాసి ఉంటే ఆర్-134ఏ కలపనివ్వొద్దు. "లీక్ టెస్ట్ చేశారా, వాక్యూమ్ ఎంతసేపు పెట్టారు, ఎన్ని గ్రాములు పట్టింది?" అని మొహమాటపడకుండా అడగండి. జవాబు చెప్పని షాపులో కారు ఇవ్వకండి.

ముక్కిన వాసన, కాళ్ల కింద తడి

నీళ్లు పోయే డ్రెయిన్ పైపు మూసుకుపోయింది. దాన్ని శుభ్రం చేయించండి. వాసన కాయిల్ మీది బూజుది. దిగడానికి రెండు నిమిషాల ముందు ఏసీ ఆపి, బ్లోయర్ నడవనివ్వండి.

చలికాలంలో హీటర్

సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద అద్దం లోపలివైపు మసకబారితే హీటర్‌తో పాటు ఏసీ కూడా వేసి, గాలి అద్దం మీదికి తిప్పండి. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. ఇంజన్ వేడెక్కినా వేడి గాలి రాకపోతే, చల్లారాక కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం చూడండి. ముల్లు ఎంతకీ పైకి లేవకపోతే, కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందేమో. లోపల తియ్యటి వాసన వస్తూ, అద్దం మీద జిడ్డు పొర పడుతుంటే, వేడి కూలెంట్ తిరిగే హీటర్ కోర్ లీకవుతోందన్నమాట. ఇది వాయిదా వేయొద్దు. కూలెంట్ అయిపోతే ఇంజన్‌కే ముప్పు.