వెండింగ్ మెషీన్ కొనేముందు: బెంగళూరులో కొత్తగా మొదలుపెట్టేవారికి

వెండింగ్ వ్యాపారంలోకి దిగేవాళ్లలో చాలామంది ముందు మెషీన్ కొంటారు, ఆ తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలా అని తిరుగుతారు. ఈ వరుసను తిరగేయాలి. ముందు చోటు ఖాయం కావాలి, అక్కడ ఏది అమ్ముడవుతుందో తేలాలి, ఆ సరుకుకు సరిపోయే మెషీన్ చివర్లో రావాలి. దీనికి గట్టి కారణమే ఉంది. ప్యాక్ చేసిన సరుకును ఎమ్మార్పీ కన్నా ఒక్క రూపాయి ఎక్కువకు అమ్మడానికి లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) నిబంధనలు ఒప్పుకోవు. మెషీన్ ఖరీదు, కరెంటు, సరుకు నింపడానికి తిరిగే ఖర్చు అన్నీ డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే మార్జిన్‌లోంచే రావాలి. తప్పు మెషీన్ కొని, ఆ నష్టాన్ని ధర పెంచి రాబట్టుకునే వీలు ఇక్కడ లేదు.

చోటును బట్టి మెషీన్

మారతహళ్లి, బీటీఎం వైపు పీజీలకు చిప్స్, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు కలిసి ఉండే కాంబో మెషీన్ నప్పుతుంది. చుట్టుపక్కల కొట్లు మూసేశాకే దానికి అసలు గిరాకీ. ఐటీ ఆఫీసుల్లో చాలాచోట్ల ప్యాంట్రీలో టీ, కాఫీ ఉచితంగా ఇస్తారు, అక్కడ టీ మెషీన్ పెట్టి లాభం లేదు.

పీన్యా, బొమ్మసంద్ర ఫ్యాక్టరీల లెక్క వేరు. అక్కడ బేరమంతా షిఫ్టు మధ్య దొరికే విరామంలోనే. ఒక మనిషి సరుకు ఎంచుకుని, క్యూఆర్ స్కాన్ చేసి, ప్యాకెట్ చేతికి తీసుకోవడానికి 30 సెకన్లు పడుతుందనుకోండి. 15 నిమిషాల విరామంలో ఒక మెషీన్ 30 మందికి మించి ఇవ్వలేదు. మిగతావాళ్లు వరుస చూసి బయట బండి దగ్గరికి వెళ్లిపోతారు. ఇలాంటి చోట పెద్ద టచ్ స్క్రీన్ ఉన్న ఖరీదైన మెషీన్ ఒకటి పెట్టడం కంటే, నంబర్ నొక్కితే చాలు అనే సాదా మెషీన్లు రెండు పెట్టడం మేలు.

మొదటి రెండు మూడు మెషీన్లూ ఒకే ప్రాంతంలో ఉండేలా చూసుకోండి. ఒకటి వైట్‌ఫీల్డ్‌లో, ఇంకొకటి ఎలక్ట్రానిక్ సిటీలో పెడితే సగం రోజు ట్రాఫిక్‌లోనే పోతుంది.

స్పైరల్ దగ్గరే అసలు సంగతి

అద్దం వెనుక అరల్లో సరుకును ముందుకు నెట్టే తీగచుట్టే స్పైరల్. ఒక్కో చుట్టులో ఒక్కో ప్యాకెట్ కూర్చుంటుంది, మోటారు ఒక చుట్టు తిరిగితే ముందున్నది కింద పడుతుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఉన్న దూరం సరుకు మందానికి సరిపోవాలి. అర లోతు 56 సెంటీమీటర్లయి, చుట్ల మధ్య దూరం 7 సెంటీమీటర్లయితే, ఆ స్పైరల్ ఉన్న గడిలో 8 ప్యాకెట్లు పడతాయి. దూరం మూడున్నర అయితే 16 చాక్లెట్లు పడతాయి.

చుట్టు మరీ బిగుతైతే గాలి నిండిన చిప్స్ ప్యాకెట్ నలిగి ఇరుక్కుంటుంది. మరీ వదులైతే ప్యాకెట్ ముందుకు వాలి, పై అంచున ఉండే అతుకు స్పైరల్ కొసకు తగులుకుంటుంది. ప్యాకెట్ అద్దం వెనుక వేలాడుతూ ఉంటుంది, డబ్బు మాత్రం పోయి ఉంటుంది. ప్యాకెట్ మందం కంటే అయిదారు మిల్లీమీటర్లు ఎక్కువ ఖాళీ ఉంటే సాధారణంగా సరిపోతుంది. అప్పటికీ తగులుకుంటుంటే స్పైరల్‌ను మోటారు దగ్గర విప్పి పావు చుట్టు తిప్పి బిగించండి. కొస ఆగే చోటు మారి, ప్యాకెట్ పడే క్షణం కూడా మారుతుంది.

అందుకే డీలర్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకండి. మీరు అమ్మదలచుకున్న ప్యాకెట్లు, సీసాలు, టెట్రా ప్యాకులు ఒక సంచిలో వేసుకెళ్లి, ఒక్కోదాన్నీ అతని ముందే గడిలో నింపి చివరిదాకా పడేసి చూడండి. కేటలాగులో '60 రకాలు' అని ఉంటుంది. అది సన్న గడులతో వేసిన లెక్క. చిప్స్ వెడల్పుకు రెండు గడులు కలపాల్సి వస్తే ఆ అరలో రకాలు సగానికి పడిపోతాయి. మజ్జిగ పౌచ్ లాంటివి నిలబడవు, స్పైరల్‌కు పనికిరావు. గాజు సీసాలు అమ్మాలంటే, సరుకును కింద పడేయకుండా మెల్లగా దించే లిఫ్ట్ ఉన్న మెషీన్ కావాలి. మొదటి మెషీన్‌కు ఆ ఖర్చు వద్దు, ఆ సరుకునే వదిలేయండి. బరువైన సీసాలు, క్యాన్లు కింది అరల్లో, చిప్స్ పైన పెట్టాలి.

ఇంకో విషయం. 10 రూపాయల ప్యాకెట్ కూడా 30 రూపాయల ప్యాకెట్ ఆక్రమించినంత చోటునే ఆక్రమిస్తుంది. 8 ప్యాకెట్ల గడి నిండా పది రూపాయలవే ఉంటే అమ్మకం 80 రూపాయలు, ముప్ఫైవి ఉంటే 240. నింపే శ్రమ రెంటికీ ఒకటే.

డ్రాప్ సెన్సార్, చెల్లింపులు

డ్రాప్ సెన్సార్ లేని మెషీన్ కొనవద్దు. సరుకు పడే దారికి అడ్డంగా కంటికి కనిపించని కిరణాలు ఉంటాయి. ఏదీ వాటిని దాటకపోతే మెషీన్ మోటారును మళ్లీ తిప్పడమో, డబ్బు వాపసు పంపడమో చేస్తుంది. సెన్సార్ లేకపోతే మోటారు తిరగడాన్నే అమ్మకంగా లెక్క వేసుకుంటుంది. కొనేటప్పుడు మీ దగ్గరున్న సరుకులో అతి చిన్న చాక్లెట్‌ను నాలుగు వైపుల నుంచీ పడేసి, సెన్సార్ ప్రతిసారీ పట్టుకుంటోందో లేదో చూడండి.

అంటించిన క్యూఆర్ స్టిక్కర్ పనికిరాదు. డబ్బు వచ్చిన సంగతి మెషీన్‌కు తెలియాలి కాబట్టి, ప్రతి కొనుగోలుకూ స్క్రీన్ మీద కొత్త క్యూఆర్ రావాలి. దానికి 4జీ సిమ్ అవసరం. బేస్‌మెంట్లలో సిగ్నల్ అందక బేరాలు పోతాయి, కాబట్టి చోటు చూడబోయే రోజే రెండు మూడు కంపెనీల సిమ్‌లతో పరీక్షించండి. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి నుంచి ఎండీఆర్ (చెల్లింపు అందుకున్నందుకు వ్యాపారి కట్టే రుసుము) లేదు. అయినా సాఫ్ట్‌వేర్‌కు నెలకు ఎంత, ఒక్కో లావాదేవీకి ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి.

టీ, కాఫీ మెషీన్లు

కప్పు టీకి ఎమ్మార్పీ ఉండదు, ధర మీ చేతిలో ఉంటుంది. మార్జిన్ దొరికేది ఇక్కడే. కానీ చాకిరీ కూడా ఇక్కడే. టీ, చక్కెర, పాలపొడి ముందే కలిపిన ప్రీమిక్స్ పొడి గాలిలో తేమను పీల్చుకుని ఉండలు కడుతుంది, మిక్సింగ్ గిన్నెలో పాలు మిగిలితే పుల్లని వాసన వస్తుంది. గిన్నెను, పొడిని కలిపే చిన్న రెక్కను రోజూ కడిగే మనిషి ఆ చోటనే ఉంటేనే ఈ మెషీన్ పెట్టండి.

బెంగళూరులో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే చోట్లు ఎక్కువ. ఆ నీళ్లు నేరుగా పోస్తే బాయిలర్ కాయిల్‌కు ఉప్పు పట్టి, నీళ్లు వేడెక్కడం ఆలస్యమై, చివరికి కాయిల్ కాలిపోతుంది. ఆర్వో లైను గానీ 20 లీటర్ల క్యాను గానీ ఉండాల్సిందే.

పాత మెషీన్ కొంటే

ఒక రోజంతా ఖాళీగా నడిపించి, లోపల థర్మామీటర్ పెట్టి, కూలింగ్ నిలుస్తోందో లేదో చూడండి. తలుపు గ్యాస్కెట్ (అంచు రబ్బరు) మధ్య కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే చల్లదనం బయటికి పోతున్నట్టే. మెకానిక్ పరీక్షకు వాడే సర్వీస్ మోడ్‌లో ప్రతి మోటారునూ విడివిడిగా తిప్పించండి. నోట్లు తీసుకునే భాగం ఉందని ఎక్కువ ధర చెబితే ఒప్పుకోవద్దు. 2016 నుంచి నోట్లు ఒక్కొక్కటిగా మారాయి, కొత్త పది నోటు 2018లో, ఇరవై నోటు 2019లో వచ్చాయి. సాఫ్ట్‌వేర్ మార్చని పాత యంత్రాలు వీటిని గుర్తుపట్టవు.

కొలతలు, కరెంటు, లెక్క

కాంబో మెషీన్ బరువు సుమారు 250 నుంచి 350 కిలోలు. లోతు 80 సెంటీమీటర్లు దాటితే మూడడుగుల గుమ్మంలోంచి పక్కకు తిప్పి దూర్చడం కష్టమే. లిఫ్టు, మెట్ల మలుపు, గుమ్మం కొలిచాకే అడ్వాన్స్ ఇవ్వండి. పీజీల్లో కింది అంతస్తే మంచిది. సాకెట్‌కు సరైన ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, స్టెబిలైజర్ పెట్టండి.

కరెంటు బిల్లు ఎవరిదన్నది ముందే తేల్చుకోవాలి. మెషీన్ 2,00,000 రూపాయలు, రోజుకు 60 అమ్మకాలు, నెలకు 26 రోజులు, సగటు ధర 25, మార్జిన్ 15 శాతం అనుకుందాం. నెలకు 5,850 వస్తుంది. సగటున 350 వాట్లు లాగితే నెలకు 252 యూనిట్లు, యూనిట్ 8 రూపాయల చొప్పున దాదాపు 2,000. సిమ్‌కు 200. బిల్లు మీదైతే పెట్టుబడి తిరిగి రావడానికి నాలుగున్నరేళ్లు దాటుతుంది, స్థలం ఇచ్చినవాళ్లు భరిస్తే మూడేళ్ల లోపే వస్తుంది. ఇందులో మీ పెట్రోలు, గడువు తీరి పారేసే సరుకు కలపలేదు.

డబ్బు చెల్లించేముందు డీలర్‌ను ఇంకో రెండు అడగండి. మెషీన్‌ను నడిపే బోర్డు ఎండీబీ (పేమెంట్ పరికరాలను కలిపే ఉమ్మడి ప్రమాణం) పద్ధతిలో పని చేస్తుందా? చేస్తే రేపు ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా వేరే పేమెంట్ పరికరం బిగించుకోవచ్చు. బెంగళూరులోనే మెకానిక్, స్పేర్లు ఉన్నాయా? ఉన్నాయన్నా సరే, మెషీన్‌తో పాటే నాలుగు స్పైరల్ మోటార్లు, ఒక డ్రాప్ సెన్సార్, మరో జత తాళంచెవులు బిల్లులో రాయించి తీసుకోండి.