వీడియోలతో చదువు - 3వ పాఠం: జవాబు వినేలోపు మీ జవాబు రాయండి

పోయిన పాఠంలో వీడియోని ఎక్కడ ఆపాలో చూశాం. ఆపాక ఏం చేయాలన్నది ఈ పాఠం. చేయాల్సింది ఒక్కటే: తర్వాత ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో మీ ఊహని కాగితం మీద రాసి, అప్పుడు ప్లే నొక్కాలి. మనసులో అనుకుంటే చాలదు. మనసులో అనుకున్నది జవాబు వినగానే మారిపోతుంది, "నేనూ అదే అనుకున్నా" అనిపిస్తుంది. కాగితం మీద రాసింది మారదు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. డెరెక్ ముల్లర్ 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో తన పీహెచ్‌డీ కోసం భౌతికశాస్త్రం వీడియోల మీదే పరిశోధన చేశాడు. విషయాన్ని నేరుగా, స్పష్టంగా చెప్పిన వీడియో విద్యార్థులకు నచ్చింది, తేలిగ్గా అనిపించింది. కానీ పరీక్ష పెడితే మార్కులు పెద్దగా పెరగలేదు. జనం సాధారణంగా పొరబడే ఆలోచనల్ని ముందు బయటపెట్టి, తర్వాత సరిదిద్దిన వీడియో తికమకగా అనిపించింది, నేర్చుకున్నది మాత్రం దాంతోనే ఎక్కువ. చూసేటప్పుడు తేలిగ్గా ఉండటం, బుర్రకెక్కడం రెండూ ఒకటి కావు. ప్రతి వీడియో మన పొరపాటుని బయటికి లాగదు కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి.

ఇప్పుడు సాధన. అపోలో 15 యాత్రలో, 1971 ఆగస్టు 2న, అమెరికా వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో డేగ ఈక పట్టుకుని రెండూ ఒకేసారి వదిలాడు. వాళ్లు దిగిన నౌక పేరు ఫాల్కన్, అందుకే డేగ ఈక. ఆ వీడియో వెతికి తెరవండి. చేతులు చాపగానే ఆపండి. సుత్తి 1.32 కిలోలు, ఈక సుమారు 30 గ్రాములు. ఏది ముందు పడుతుంది? పడటానికి ఎన్ని సెకన్లు పడుతుంది? రెండూ రాయండి.

మొదటి ప్రశ్నకి చాలామంది సరిగ్గానే రాస్తారు, బడిలో విన్నదే. గాలి లేదు కాబట్టి రెండూ కలిసే నేలని తాకుతాయి. అసలు చదువంతా రెండో ప్రశ్నలో ఉంది. నేను అర సెకను అని రాశాను. వీడియోలో చూస్తే అంతకన్నా బాగా నెమ్మదిగా దిగాయి. ఎంత నెమ్మదో కొలవచ్చు. యూట్యూబ్‌లో వీడియో ఆపి ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది, కామా నొక్కితే వెనక్కి వస్తుంది. సుత్తి చేయి విడిచిన ఫ్రేమ్ నుంచి నేల తాకిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. సెకనుకి 30 ఫ్రేముల వీడియో అయితే 40కి కాస్త అటూ ఇటూ వస్తుంది. 42 వచ్చిందనుకుందాం. 42ని 30తో భాగిస్తే 1.4 సెకన్లు. చేతి ఎత్తు సుమారు 1.6 మీటర్లు. ఎత్తుని రెట్టింపు చేసి కాలం వర్గంతో భాగిస్తే, అంటే 3.2ని 1.96తో భాగిస్తే, 1.63. పడే వస్తువు వేగం సెకను సెకనుకీ అన్ని మీటర్ల చొప్పున పెరుగుతోందన్నమాట. భూమి మీద ఇదే అంకె 9.8, దాదాపు ఆరు రెట్లు. చంద్రుడి గురుత్వాకర్షణని మీ వేళ్లతో లెక్కపెట్టి కనుక్కున్నారు! "చంద్రుడి మీద ఆరో వంతు" అని ఎన్నోసార్లు చదివినా, ఈ లెక్క చేసిన రోజే నాకది సొంతమైంది.

సంస్కృతి, చరిత్ర వీడియోలకి ఇదే పద్ధతి, కానీ కొలత బదులు ఇంకో పని. కాగితం మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు "చూపించింది", కుడివైపు "చెప్పింది". పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవిలో మొయాయి అనే పాతకాలపు రాతి విగ్రహాలున్నాయి. వాటి మీద పురావస్తు శాస్త్రవేత్తలు టెరీ హంట్, కార్ల్ లిపో చేసిన ప్రయోగం వీడియో తీసుకోండి, 2012 నాటిది. టన్నుల బరువున్న రాతి విగ్రహాల్ని గని నుంచి అంత దూరం ఎలా తెచ్చారు? ఇక్కడ ఆపి, ముందు మీ ఊహ రాయండి. తర్వాత చూడండి: సుమారు మూడు మీటర్ల నమూనా విగ్రహాన్ని 18 మంది మూడు తాళ్లతో నిలబెట్టే నడిపించారు. రెండు తాళ్లు అటొకసారి ఇటొకసారి లాగుతుంటే, వెనక తాడు ముందుకు పడకుండా ఆపింది. విగ్రహాలు నడిచి వచ్చాయని ఆ దీవి ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. దాన్ని వట్టి కథ అని కొట్టిపారేసిన వాళ్లు ఎందరో.

నడిపించడం సాధ్యమేనన్నది ఎడమవైపు రాయాలి. పూర్వం అలాగే నడిపించారన్నది కుడివైపు. ఈ తేడా దగ్గర తొందరపడొద్దు. పడుకోబెట్టి దుంగల మీద లాగారని వాదించే పురావస్తు శాస్త్రవేత్తలూ ఉన్నారు, వాళ్లూ ప్రయోగాలు చేసి చూపించారు.

చర్చ మొదలవ్వాల్సింది ఇక్కడే. అదే వీడియో చూసిన ఒక్కరు దొరికినా చాలు. నియమం ఒకటే: మీ వాదన చెప్పేముందు అవతలి వాళ్ల వాదనని మీ మాటల్లో చెప్పండి. "అవును, నేనన్నది అదే" అని వాళ్లు ఒప్పుకున్నాకే మీ వంతు. మొదట్లో విసుగ్గా ఉంటుంది. రెండు మూడుసార్లయ్యాక, మీరు ఖండించబోయింది వాళ్లు అసలు అననేలేదని మీకే తెలుస్తుంది.

వచ్చే పాఠంలోపు ఈ రెండు వీడియోల కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి. తప్పైన ఊహల్ని కొట్టేయొద్దు, పక్కన తేదీ వేయండి. నాలుగో పాఠం వాటితోనే మొదలుపెడదాం.