ఫైబర్ బాడీ కారు మీద పెయింట్ పాడైతే ఏ పొరలో తప్పుందో కనిపెట్టడం

బెంగళూరు సిపాని డాల్ఫిన్, గోవా సాన్ స్టార్మ్, ఇంగ్లండు రిలయంట్‌లు, లోటస్‌లు ఫైబర్ బాడీ బళ్లు, అంటే గాజు పోగులను రెజిన్ అనే గట్టిపడే జిగురులో పరిచి చేసినవి. రేకుకు అలవాటైన పెయింటరు వీటి మీద బుడగ కనబడగానే గీకి, పుట్టీ పెట్టి, రంగు కొట్టేస్తాడు. కొన్నాళ్లకే అదే చోట మళ్లీ లేస్తుంది. తప్పు రంగులో ఉందా, జెల్‌కోటులోనా (బాడీ పైన ఉండే నున్నటి రెజిన్ పొర), దాని కింద గ్లాస్ మ్యాట్‌లోనా (గాజు పోగుల పరుపు) అన్నది ముందు తేలాలి.

మాగ్నెట్‌తో పనిచేసే మందం మీటరు ఇక్కడ పనికిరాదు. మాస్కు వేసుకుని, అరచేయంత చోట 240 నంబరు సాండ్ పేపరుతో పొడిగానే రుద్దండి. టాప్‌కోటు, ప్రైమరు, పుట్టీ, జెల్‌కోటు వలయాలుగా బయటపడతాయి. పోగులు కనిపిస్తే ఆపేయండి. నీళ్లు పోస్తే ఆ పోగులు పీల్చుకుంటాయి, రేపటి బుడగలకు అదే మూలం.

బుడగను కళ్లద్దాలు పెట్టుకుని సూదితో గుచ్చండి. వెనిగర్ వాసనతో జిగట నీరు వస్తే తేమ మ్యాట్ దాకా దిగినట్టే. ఆ బుడగలన్నీ తెరిచి, మంచినీళ్లతో కడిగి, వారాల తరబడి ఆరబెట్టాలి. ఆరిందో లేదో చూడటానికి పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో మూసి ఒక రోజు ఉంచండి. లోపల చెమ్మ పడితే ఇంకా ఆగాలి. ఆ తర్వాతే ఎపాక్సీ ప్రైమరు. బుడగ పొడిగా ఉండి, పైపెంకు పల్చగా పగిలితే అది బాడీ తయారుచేసే అచ్చులో (మోల్డు) చిక్కిన గాలి గుంట: పగలగొట్టి నింపితే చాలు. రంగులోనే సన్నటి పొక్కులైతే, ముందు కోటు ఆరకముందే తర్వాతిది కొట్టారు, థిన్నర్ లోపలే చిక్కింది.

పగుళ్ల ఆకారమే సగం చెబుతుంది. మడ్‌గార్డు మీద నక్షత్రంలా ఉంటే టైరు ఎగరేసిన రాయి లోపలి నుంచి కొట్టింది. బోల్టు రంధ్రం చుట్టూ ఉంటే అతిగా బిగించారు. కీళ్ల దగ్గర వరస గీతలంటే ప్యానెల్ ఊగుతోంది. ఎండిన చెరువు మట్టిలా అంతటా ఉండి, రుద్దుతుంటే జెల్‌కోటు రాకముందే మాయమైతే తప్పు పాత మందపు రంగుదే. జెల్‌కోటులో పగులుంటే పుట్టీ ఒక్కటే నిలవదు. లోపలివైపు 40 పేపరుతో గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ రెండు పొరలు రెజిన్‌తో వేయండి. పైన పగులును వి ఆకారంలో తెరిచి నింపండి. 100 గ్రాముల పాలియెస్టర్ రెజిన్‌కు హార్డనర్ 1 నుంచి 2 గ్రాములు. రెజిన్‌ను త్వరగా గట్టిపరిచే కోబాల్టు ద్రవాన్ని విడిగా ఇస్తే ముందు దాన్ని రెజిన్‌లో పూర్తిగా కలపండి. హార్డనర్‌తో నేరుగా కలిస్తే పేలుతుంది. ఈ అతుకుకు వారం ఆగి రంగు వేయండి, లేదంటే రెజిన్ కుంచించుకుని పోగుల ఆనవాళ్లు పైకి తేలతాయి.

కొత్త రంగులో చేపకళ్లలాంటి గుంటలు పడితే కింద మోల్డు వ్యాక్స్ లేదా సిలికాన్ పాలిష్ ఉంది. సాండ్ పేపరుతో రుద్దకముందే వ్యాక్స్ రిమూవర్‌తో తుడవాలి, లేదంటే పేపరు దాన్ని గీతల్లోకి తోస్తుంది. పాత రంగు తీయడానికి మామూలు పెయింట్ స్ట్రిప్పర్ (రంగును కరిగించే రసాయనం) మాత్రం ముట్టుకోవద్దు: అది రెజిన్‌నూ తినేస్తుంది.