కిడ్నీ మార్పిడి తర్వాత వైరస్‌ను ముందే కనిపెట్టడం ఎలా?

కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు వైరస్ సోకితే జ్వరం రావాలనేం లేదు. కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా రోజూ టాక్రోలిమస్, మైకోఫినోలేట్ లాంటి మందులు వేసుకుంటారు కదా, అవి రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి. జ్వరం, ఒళ్లు నొప్పులు చాలావరకు ఆ శక్తి వైరస్‌తో పోరాడుతుంటే వచ్చేవే. పోరాటం తగ్గితే వైరస్ చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. అందుకే మనిషి బాగున్నప్పుడే రక్తంలో వెతకాలి. మా అన్నయ్య రిపోర్టులన్నీ నేనే చూసుకుంటాను. మేం ఎలా చేస్తున్నామో చెబుతాను.

ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టండి

ముఖ్యంగా రెండు వైరస్‌ల పేర్లు గుర్తుపెట్టుకోవాలి: సీఎంవీ (సైటోమెగలోవైరస్), కొత్త కిడ్నీని దెబ్బతీసే బీకే. సీఎంవీ మన దేశంలో చాలామంది పెద్దవాళ్లలో ఎప్పుడో చిన్నప్పుడే చేరి నిద్రపోతుంటుంది. దాత, గ్రహీత ఇద్దరికీ సీఎంవీ ఐజీజీ పరీక్ష చేస్తారు, అంటే ఆ వైరస్ ఇదివరకు సోకిందో లేదో యాంటీబాడీలను బట్టి చెప్పేది. దాతకు పాజిటివ్, గ్రహీతకు నెగటివ్ అయితే అందరికన్నా ఎక్కువ ప్రమాదం. వాళ్లకు సీఎంవీని అడ్డుకునే వాల్‌గాన్‌సైక్లోవిర్ మందును సాధారణంగా 6 నెలలు, గ్రహీత పాజిటివ్ అయితే 3 నెలలు ఇస్తారు. ఆ రెండు ఫలితాలూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. ఆటలమ్మ టీకా లాంటి బతికున్న వైరస్‌తో చేసే టీకాలు వేయించాల్సి ఉంటే, అదీ ముందే డాక్టరుతో మాట్లాడాలి. మార్పిడి తర్వాత మామూలుగా వాటిని వేయరు.

ఏ పరీక్షో సరిగ్గా అడగండి

మార్పిడి తర్వాత ఐజీఎం, ఐజీజీ పరీక్షలను నమ్ముకోలేం. అణగి ఉన్న శరీరం యాంటీబాడీలను సరిగా తయారు చేయకపోవచ్చు. కావాల్సింది క్వాంటిటేటివ్ పీసీఆర్, అంటే వైరస్ ఎంత ఉందో అంకెలో చెప్పేది. రిపోర్టులో ఊరికే 'పాజిటివ్' అని ఉంటే చాలదు.

బీకే వైరస్‌కు మొదటి 9 నెలలు నెలకోసారి, ఆ తర్వాత రెండేళ్లు నిండేదాకా మూడు నెలలకోసారి రక్తం చూడమని అంతర్జాతీయ నిపుణుల సూచన. సీఎంవీకి ముందుజాగ్రత్త మందు ఇవ్వకపోతే మొదటి నెలల్లో వారం వారం చూస్తారు. మీవాళ్లకు ఎప్పుడెప్పుడు చేయాలో డాక్టరు చేతే రాయించుకోండి.

అంకెను ఒంటరిగా చూడొద్దు

ఇక్కడ మేం దెబ్బతిన్నాం. ఒకసారి ఇంటికి దగ్గరని వేరే ల్యాబ్‌లో ఇచ్చాం. అంతకుముందు 600 ఉన్న సీఎంవీ 1,500 అని వచ్చింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పాత ల్యాబ్‌లో మళ్లీ చేయిస్తే 700. ఒకరు ప్లాస్మాలో (కణాలు తీసేసిన రక్తద్రవంలో) కొలిచారు, ఇంకొకరు మొత్తం రక్తంలో! ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కాబట్టి ఒకే ల్యాబ్, ఒకే రకం శాంపిల్. తేదీ, అంకె, యూనిట్, ఆ రోజు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె) ఒకే వరుసలో రాయండి. అలా రాసినా మూడు రెట్లకు మించి మారితేనే అది నిజమైన మార్పు కింద లెక్క.

అంకె పెరిగితే సొంతంగా మందులు మార్చొద్దు. సీఎంవీకి మందుంది. మొదలుపెట్టిన మొదటి రెండు వారాల్లో అంకె దిగకపోయినా కంగారుపడక్కర్లేదు. ఆ మందు తెల్లరక్తకణాలను తగ్గిస్తుంది కాబట్టి సీబీసీ (రక్తకణాల లెక్క) కూడా చేయిస్తుండాలి. బీకేకు నమ్మకమైన మందు ఇంకా లేదు. రక్తంలో మిల్లీలీటరుకు 1,000 కాపీల పైన నిలబడినా, ఒక్కసారైనా 10,000 దాటినా ఇమ్యూనిటీని అణిచే మందులను డాక్టర్లు జాగ్రత్తగా తగ్గిస్తారు. ఎక్కువ తగ్గిస్తే కిడ్నీని శరీరం తిరస్కరించే భయం ఉంటుంది. అందుకే అది వాళ్ల చేతుల్లోనే ఉండాలి.

ఇంకో మాట. విరేచనాలు ఆగకపోతే, రక్తంలో పీసీఆర్ నెగటివ్ వచ్చినా ఊరుకోవద్దు. పేగుల్లో సీఎంవీ ఉన్నా ఒక్కోసారి రక్తంలో కనపడదు, ఎండోస్కోపీతో ముక్క తీసి చూడాల్సి వస్తుంది.

జ్వరం 100.4 తాకితే

మెడికల్ షాపు మాత్రతో తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీని దెబ్బతీయొచ్చు. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ టాక్రోలిమస్ స్థాయిని పెంచేస్తుంది. నేరుగా మార్పిడి చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఒంటికి ఒక పక్కన మంటతో నీటిపొక్కులు లేచినా అంతే.

బయల్దేరేటప్పుడు నోట్‌బుక్, మందుల డబ్బా రెండూ సంచీలో వేసుకోండి. రాత్రి డ్యూటీ డాక్టరుకు మీవాళ్ల గురించి ఏమీ తెలియదు, ఆ మొదటి పేజీయే చెప్పాలి.